రామదాసు బాకీ, రాముని చెల్లుచీటి

చైత్ర శుద్ధ పాడ్యమి నాడు ఉగాది. ఆనాటి నుండి లెక్కపెట్టితే తొమ్మిదవ దినం శ్రీరామనవమి. మన తెలుగువారు ఏ సీమకు పోయినా, ఏ ఊరి నీళ్లు త్రాగినా, ఈ రెండు పండుగలనూ ఒకదానితో ఒకటి ముడివేసే చేసుకొంటారు. ఉగాదికి పందిరి గుంజ పాతితే నవమికి ఆ పందిరిలోనే సీతారాముల పెండ్లి. అందుచేత ఈ ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, భద్రాచలం కథను గురించి వ్రాయుదామని మాకు తోచినది.

మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవారము. చరిత్రను కొంత పుస్తకాలలో చదివి, కొంత రైలు పాసు పుణ్యమా అని ఊళ్లు తిరిగి తెలుసుకొన్నాము. కాబట్టి పెద్దలు తప్పులను మన్నించి చదువవలెనని ప్రార్థన.

ఈ విషయం ఎన్నుకొనడానికి మరొక కారణం కూడా ఉన్నది. మొన్న సంఘం సమావేశంలో ఒక ప్రశ్న పుట్టినది: "ఒకసారి తప్పు చేసినవాని చేత మళ్లీ దేవుని పని చేయించవచ్చునా?" కొందరు కూడదన్నారు, కొందరు తప్పేమున్నదన్నారు. మాట తేలక ముందే దీపాలు ఆర్పే వేళ అయినది. ఆ ప్రశ్న ఎవరిని గురించి పుట్టినదో ఈ వ్యాసం చివర చెప్పుతాము. ముందు చరిత్రలోనికి పోదాము.

దౌలతాబాదు కోటలో ఒక గోడ

ఇప్పుడు ఛత్రపతి సంభాజీనగర్ అని పిలువబడుతున్న ఔరంగాబాదు నుండి ఎల్లోరా పోయే దారిలో దౌలతాబాదు కోట ఉన్నది. మన మరాఠ్వాడా తెలుగువారిలో దానిని చూడనివారు అరుదు. పిల్లలను తీసుకొని పోతాము. చాంద్ మీనారు చూస్తాము, కందకం మీది వంతెన దాటుతాము, గబ్బిలాలు తిరిగే చీకటి సొరంగంలో పిల్లలు కేకలు వేస్తే నవ్వుకొంటాము. ఆ కందకానికి ముందే చీనీ మహల్ అనే పాడుబడిన మేడ ఒకటి ఉన్నది. ఒకప్పుడు దాని గోడలకు నీలిరంగు మెరుగు పలకలు పొదిగి ఉండేవట. ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి మిగిలినవి. చాలమంది దానిని ఒక చూపు చూచి ముందుకు సాగిపోతారు.

మేమూ చాల కాలం అట్లాగే సాగిపోయినాము. ఒకనాడు మాత్రం అక్కడి పలక మీది అక్షరాలు నిలబడి చదివినాము. గోలకొండ కడపటి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షాను ఔరంగజేబు చెరపెట్టిన చోటు అదే. అబుల్ హసన్ అంటే ఎవరో కాదు, మన హరికథలలో, బుర్రకథలలో, నాటకాలలో "తానీషా ప్రభువు" అని మనం చిన్ననాటి నుండి వింటున్న ఆ తానీషాయే. రామదాసును చెరలో పెట్టిన తానీషా తానే చెరలో పడి, కన్నుమూసే దాకా ఉన్నది మన ఇంటి ముంగిటనే.

ఆ సాయంకాలం ఇంటికి వచ్చినా ఆ గోడ మనసును విడువలేదు. రామదాసు చెర పన్నెండేండ్లని పెద్దలు చెప్పుకొంటారు. తానీషా 1687లో పట్టుబడినాడు. అప్పటి నుండి అతడు దౌలతాబాదులో గడిపిన కాలమూ సుమారు పన్నెండేండ్లే. గుమాస్తా బుద్ధి గదా, రెండు పద్దులు ఒకే అంకెకు వస్తే ఆగి చూడకుండా ఉండలేము.

తాటిపండు, పుట్ట, పాల్వంచ పరగణా

కథ అందరూ ఎరిగినదే అయినా, క్రమం కోసం మళ్లీ చెప్పుతున్నాము. గోదావరి ఒడ్డున భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే భక్తురాలు ఉండేది. ఆమెకు పుట్టలో రాముని విగ్రహాలు దొరికినవని, ఆకుల పందిరి వేసి, తనకు దొరికే తాటిపండునే నైవేద్యం పెట్టి పూజించినదని స్థలపురాణం. ఆమె వద్ద ధనం లేదు, శాస్త్రం లేదు, చదువు లేదు. పుట్టమన్ను తుడిచిన చేతులు మాత్రం ఉన్నవి. భద్రాచల క్షేత్రానికి మొదటి అర్చన జరిగినది ఆ చేతులతోనే.

తరువాత వచ్చినవాడు కంచెర్ల గోపన్న. ఖమ్మం దగ్గర నేలకొండపల్లి ఆయన స్వగ్రామం. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోలకొండ కొలువులో పెద్ద పదవులలో ఉండిన అక్కన్న మాదన్నలకు గోపన్న మేనల్లుడని ప్రతీతి. అబుల్ హసన్ 1672లో సింహాసనమెక్కిన తరువాత కొద్ది కాలానికే మాదన్న ప్రధానమంత్రి అయినాడు. రాజ్యంలో ఆయన మాటకు తిరుగులేని రోజులవి. 1677లో శివాజీ మహారాజు హైదరాబాదుకు వచ్చి అబుల్ హసన్‌తో పొత్తు కుదుర్చుకొన్నప్పుడు కూడా నడుమ నిలిచి పని నడిపించినది మాదన్నయే. అట్టి మేనమామల అండతో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారీ దొరికినదని చెప్పుకొంటారు. అంటే ఊరూరా శిస్తు వసూలు చేసి ఖజానాకు జమ కట్టే ఉద్యోగం.

ఆ పని మీద తిరుగుతూ భద్రాచలం వచ్చి, దమ్మక్క పందిరి క్రింది రాముని చూచి గోపన్న మనసు కరిగినది. గుడి కట్టించవలెననుకొన్నాడు. ఊరివారు తమకు తోచినంత ఇచ్చినారు. అది చాలలేదు. చేతిలో శిస్తు సొమ్ము ఉన్నది. దానిని గుడికి ఖర్చుపెట్టినాడు. ప్రాకారం కట్టించినాడు, మండపం కట్టించినాడు, సీతమ్మకు, స్వామికి, లక్ష్మణస్వామికి నగలు చేయించినాడు. లెక్క ఆరు లక్షలకు వచ్చినదని వాడుక.

ఇక్కడ మనం ఒక నిమిషం ఆగవలెను.

తప్పు తప్పే

భక్తితో కథ చెప్పేవారు ఈ చోట తొందరగా దాటిపోతారు. "దేవుని సొమ్ము దేవునికే పెట్టినాడు, అందులో తప్పేమున్నది?" అంటారు. సర్కారు జీతం తింటున్న మాబోటివారికి ఆ మాట మింగుడు పడదు. శిస్తు గోపన్న సొమ్ము కాదు. నిజం చెప్పుకొంటే తానీషా సొమ్ము కూడా కాదు. అది రైతుల సొమ్ము. వాన పడినా పడకపోయినా, ఎద్దు ఉన్నా చచ్చినా, రైతు కట్టిన పైకం అది. ఆనాడు గోలకొండ రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతి ఉండేది. ఖజానాకు పైకం చేరకపోతే అధికారిని చెరలో వేసి కొట్టించడం వాడుకగా ఉండేది. ఒక పరగణా లెక్క తగ్గితే ఆ బరువు చివరకు ఎవరి నెత్తిన పడేదో ఊహించుకోవచ్చును.

గోపన్నకు ఈ సంగతులు తెలియవా? తెలుసు. అడిగి ఖర్చుపెట్టలేదు. అడిగితే ఇస్తారో ఇవ్వరో అన్న భయం కావచ్చు. ముందు గుడి లేచిన తరువాత ఎవరు కాదంటారులే అన్న ధీమా కావచ్చు. మేనమామలు మంత్రులైయుండగా తనకేమి అవుతుందిలే అన్న మాట కూడా మనసు మూలలో ఎక్కడో ఉండియుండవచ్చు. మహాభక్తుని గురించి ఇట్లు వ్రాయడం కొందరికి కష్టంగా తోచవచ్చును. కాని ఆయనను దేవునిగా చేసి గూటిలో పెట్టితే మనకు ఆయన వలన నేర్చుకొనేది ఏమీ ఉండదు. ఆయన మనవంటి మనిషి కాబట్టే ఆయన కథ మనకు పనికివస్తుంది.

ఫలితం అందరికీ తెలిసినదే. గోలకొండ కోటలో చెర, కొరడా దెబ్బలు. నేడు కోట చూడబోయేవారికి రామదాసు బందీఖానా అని ఒక గదిని చూపుతారు. లోపల గోడ మీద రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుల రూపాలు చెక్కబడి ఉన్నవి. వెలుతురు పైనుండి ఒక కన్నం గుండా దిగుతుంది. మేము రెండుసార్లు అక్కడ నిలబడినాము. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉన్నది. ఆ చల్లదనంలో పన్నెండేండ్లు అంటే ఎంత కాలమో ఊహకు అందలేదు.

ఆ గదిలో పుట్టినవని చెప్పుకొనే కీర్తనలే నేటికీ మన భజనలకు ప్రాణం. అందులో ఒక కీర్తనను మేము ప్రత్యేకంగా చెప్పుకోవలెను. చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేరుపెట్టి, దేనికెంత అయినదో చెప్పుతూ, ఆయన రాముని నిలదీసినాడు. అంతటితో ఆగక కోపంతో నోరు జారినాడు. మళ్లీ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక తిట్టినానని, మనసులో పెట్టుకోవద్దని వేడుకొన్నాడు. పండితులకు అది భక్తిరసం. మాకు మాత్రం అది జమాఖర్చు చిట్టా. చెరలో పడ్డ ఉద్యోగి తన ఖర్చుల పట్టీని పై అధికారి ముందు పెట్టి, "ఇదిగో, నేను తినలేదు, అంతా నీకే అయినది" అని మొరపెట్టుకొన్నట్లున్నది. దొంగ లెక్క వ్రాసినవాడు అట్లు పాడలేడు. సొమ్ము తీసినాడన్నది ఎంత నిజమో, తనకోసం తీయలేదన్నదీ అంత నిజమే.

రసీదు అడిగిన దేవుడు

తరువాతి ఘట్టం మీ అందరికీ కంఠస్థం. ఒక రాత్రి ఇద్దరు యువకులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో తానీషా పడకగదికి వచ్చినారట. గోపన్న బంట్లమన్నారట. ఆరు లక్షలూ కుప్పబోసి, రసీదు అడిగి పుచ్చుకొని పోయినారట. ఆ చెల్లుచీటి తెల్లవారేసరికి చెరలో నిద్రపోతున్న గోపన్న తలదాపున ఉన్నదట. ఆనాటి రామమాడలని భద్రాచలం ఆలయంలో నాణెములు నేటికీ చూపుతారు.

ఇది ఐతిహ్యం. సుల్తానుల దఫ్తరులోని సంగతి కాదు. కాని జనం ఒక కథను మూడు వందల ఏండ్లకు పైగా చెప్పుకొన్నారంటే, ఆ కథలో జనం నమ్మే ధర్మం ఒకటి దాగి ఉంటుంది. ఆ ధర్మమేమిటని ఆలోచించినాము. పదునైదేండ్లుగా టిక్కెట్లు, రసీదులు, క్యాషు పుస్తకాలతో కాలం గడుపుతున్నవారము కనుక మా కంటికి మూడు సంగతులు కనబడినవి.

మొదటిది. రాముడు బాకీని కొట్టివేయలేదు. తలచుకొంటే తానీషాకు కలలో కనబడి భయపెట్టి, లెక్కల పుస్తకం చించివేయించలేడా? చెర తలుపు విరగ్గొట్టి భక్తుని తీసుకొని పోలేడా? ఆ పని చేయలేదు. మాడకు మాడ లెక్కపెట్టి చెల్లించినాడు. అంటే గోపన్న తీసినది తీసినట్లే, బాకీ బాకీయే అని దేవుడే ఒప్పుకొన్నాడన్నమాట.

రెండవది. చెల్లించవలసిన చోటనే చెల్లించినాడు. తానీషా తన భక్తుని కొట్టించినవాడు గదా, అతనికెందుకు ఇవ్వవలెనని అనుకోలేదు. ఖజానాకు రావలసినది ఖజానాకు చేరినది. ఆపైన రసీదు పుచ్చుకొన్నాడు. నోటిమాటతో పోనీయలేదు. సాక్షాత్తు భగవంతుడే రసీదు అడిగినప్పుడు, "మనవాళ్లే గదా, రసీదు ఎందుకులే" అని మన సంఘాలలో చెప్పుకొనే మాటకు అర్థమేమున్నది?

మూడవది. గుడిని కూల్చమనలేదు. తప్పు సొమ్ముతో లేచిన గోడలు గనుక వద్దని, ఆ నగలు కరిగించి ఖజానాకు పంపుమని చెప్పలేదు. పనిని ఉంచుకొన్నాడు, తప్పును తీర్చినాడు. ఈ రెండూ ఒక్కచోట జరిగినవి.

మాకు తెలిసినంతలో దేవుడు మనుష్యుల చేత పని చేయించుకొనే తీరు ఇదే. మచ్చలేని మనిషి కోసం ఆయన కాచుకొని కూర్చుంటే భద్రాచలంలో నేటికీ ఆకుల పందిరే ఉండేది. అట్లని మచ్చను చూడనట్లు ఊరుకొన్నాడా అంటే అదీ లేదు. పని జరిగినది. పన్నెండేండ్లు చెర కూడా జరిగినది.

తానీషా సంగతి

ఇక దౌలతాబాదు గోడ దగ్గరకు మళ్లీ వద్దాము. తానీషా మాత్రం నిర్దోషియా? మొగలు చరిత్రకారులు అతనిని విలాసపురుషుడని, రాచకార్యం మంత్రులకు విడిచిపెట్టినవాడని వ్రాసినారు. శత్రువులు వ్రాసిన వ్రాతలో కొంత తీసివేసినా, కొంత మిగులుతుంది. అతడు సింహాసనానికి పుట్టిన కొడుకు కాడు, అల్లుడు. యౌవనంలో షా రాజు అనే సూఫీ గురువు వద్ద ఫకీరువలె గడిపినాడు. తానీషా అనే ముద్దు పేరు ఆ గురువు పెట్టినదేనంటారు. మామ అబ్దుల్లా కుతుబ్ షా 1672లో చనిపోయినప్పుడు, పెద్దల్లుని కాదని సర్దారులు ఇతనికి పట్టం కట్టినారు.

ఈ విలాసపురుషుని చేత కూడా దేవుడు ఎంత పని చేయించుకొన్నాడో చూడండి. ఐతిహ్యం ప్రకారం, పన్నెండేండ్లు పిలిచిన గోపన్నకు కనబడని రాముడు మొదట కనబడినది చెరపెట్టిన తానీషాకే. ఆ తరువాత అతడు గోపన్నను విడిపించి గౌరవించినాడు. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వపక్షాన ముత్యాల తలంబ్రాలు పంపడం అతనితోనే మొదలైనదని ప్రతీతి. రాజ్యాలు ఎన్ని మారినా ఆ ఆనవాయితీ మిగిలి, నేడు తెలంగాణ ప్రభుత్వం తలంబ్రాలు సమర్పిస్తున్నది. కృష్ణా తీరంలోని కూచిపూడిని నాట్యం చేసే భాగవతులకు అగ్రహారంగా ఇచ్చినది కూడా తానీషాయేనని అక్కడివారు చెప్పుకొంటారు. రాముని పెండ్లికి ముత్యాలు, భామాకలాపానికి నిలువ నీడ, రెండూ ఒక సుల్తాను చేతి మీదుగా వచ్చినవన్నమాట.

కాలం మారినది. ఔరంగజేబు సేనలు దక్కను మీద పడినవి. 1686లో అక్కన్న మాదన్నలను గోలకొండ వీధులలో హత్య చేసినారు. మరుసటి ఏడు గోలకొండను ముట్టడించినారు. ఎనిమిది నెలలు కోట లొంగలేదు. చివరకు 1687 సెప్టెంబరులో లోపలివాడే ఒకడు ద్రోహం చేసి తలుపు తెరిచినాడు. మొగలులు లోనికి వచ్చిన ఆ ఉదయం తానీషా కలత చెందక ఫలహారం తెప్పించుకొని తిన్నాడని ఖాఫీ ఖాన్ అనే చరిత్రకారుడు వ్రాసినాడు. ఈ వేళలో తిండి ఎట్లా సహిస్తున్నదని అడిగినవారితో, తాను పేదరికమూ చూచినాననీ, దేవుడిచ్చిన సింహాసనమూ చూచినాననీ, ఇప్పుడు వచ్చినది తన పనుల ఫలమేననీ అన్నాడట. మొగలుల పక్షాన ఉన్న చరిత్రకారుడే దీనిని వ్రాసినాడు గనుక కొంత నమ్మవచ్చును.

రామదాసును చెరపెట్టినందుకే దేవుడు తానీషాను చెరపెట్టి పగ తీర్చుకొన్నాడని కొందరంటారు. ఆ మాట మాకు రుచించదు. తలంబ్రాలకు ముత్యాలు పుచ్చుకొన్న దేవుడు పగ పట్టడు. పైగా తానీషాను బంధించిన ఔరంగజేబు మాత్రం ఏమి కట్టుకొని పోయినాడు? 1707లో దక్కనులోనే కన్నుమూసినాడు. దౌలతాబాదు దాటితే కొద్ది దూరంలోనే ఉన్న ఖుల్దాబాదులో ఆయన సమాధి ఉన్నది. తానీషా సమాధి కూడా ఆ ఖుల్దాబాదులోనే ఉన్నది. చెరపెట్టినవాడు, చెరపడినవాడు ఒక ఊరి మట్టిలోనే పడుకొన్నారు. వారిద్దరి లెక్క ఎక్కడ తేలవలెనో అక్కడ తేలియుంటుంది. మనకు మిగిలినది వారి చేతుల మీదుగా నిలిచిన మంచి పనులు మాత్రమే.

ఈ విధంగా భద్రాచలమనే పుణ్యక్షేత్రానికి ముగ్గురి చేతులు పట్టినవి. ఏమీ లేని దమ్మక్క, లెక్క తప్పిన గోపన్న, విలాసాలలో మునిగిన తానీషా. వీరిలో ఏ ఒక్కరినీ ఏ ఆఫీసువారూ సర్టిఫికెట్లు చూచి నియమించి ఉండరు. తరువాతి కాలంలో త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును తలచుకొన్నారంటే, అది ఆయన తహసీలుదారీని చూచి కాదు, చెరలో పండిన ఆయన భక్తిని చూచి.

మా సొంత చిట్టా

ఇప్పుడు మొదట ఇచ్చిన మాట చెల్లించవలెను. సంఘం సమావేశంలో ప్రశ్న పుట్టినది మమ్మును గురించే.

పాత సభ్యులకు తెలుసు, కొత్తగా వచ్చినవారికి తెలియదు. తొమ్మిదేండ్ల క్రిందట మన భజన మందిరానికి రేకుల కప్పు వేయించే భారం మా మీద పెట్టినారు. చందాలు వ్రాసినవారు చాలమంది ఉన్నారు, ఇచ్చినవారు తక్కువ. నవమి నాలుగు రోజులున్నది. రేకులు దిగినవి, కూలీలు మందిరం ముందు కూర్చున్నారు. మేము అప్పుడు ఒక చిన్న స్టేషనులో బుకింగు కౌంటరులో ఉన్నాము. సోమవారానికి చందాలు వస్తవి, అప్పుడు పెట్టివేయుదామని, శుక్రవారం సాయంకాలం కౌంటరు సొమ్ములో నుండి ఎనిమిది వేల రూపాయలు తీసి కూలీలకు ఇచ్చినాము. శనివారం ఉదయం లెక్కల తనిఖీ వచ్చినది.

ఎవరినీ నిందించడానికి లేదు. తనిఖీ అధికారి తన పని తాను చేసినాడు. మా ఇంటావిడ చేతి గాజులు అమ్మి ఆ సాయంకాలానికి సొమ్ము కట్టినాము. ఉద్యోగం పోలేదు గాని రెండు ఇంక్రిమెంట్లు ఆగినవి. అంతకన్న మించినది, స్టేషను ప్లాట్‌ఫారం మీద నడిచేటప్పుడు తల ఎత్తలేకపోవడం. "రాముని కోసం చేసినాము గదా, రాముడు ఇట్లు చేసినాడేమి" అని లోలోపల కుమిలినాము. గోపన్న కీర్తన అర్థమైనది ఆ రోజులలోనే.

మందిరం వీధిలో ఉల్లిపాయల బండి పెట్టుకొనే ఒక అవ్వ ఉండేది. పాలమూరు నుండి కూలికి వచ్చి ఇక్కడనే స్థిరపడినది. కప్పుకు చందా వ్రాయకుండానే యాభై రూపాయలు తెచ్చి ఇచ్చినది ఆమె ఒక్కతె. సంగతి తెలిసి మా ఇంటికి వచ్చినది. ఓదార్చుతుందనుకొన్నాము.

"రాముడు అడవిల పద్నాలుగేండ్లు తడిసినోడే గద నాయనా," అన్నది. "ఇంకొక్క వాన తడిస్తే ఏమయ్యేది? నువ్వు దొంగవు గావాల్నా?"

ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. నేటికీ లేదు. దేవుని పని ఆగిపోతుందని మనం తొందరపడి తప్పు త్రొక్కుతాము గాని, దేవునికి ఆ తొందర లేదు. అయితే ఒకటి. ఆ కప్పు నేటికీ ఉన్నది. దాని క్రింద ఆదివారం నాడు మన పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. వాన పడితే రేకుల మీద చప్పుడుకు పాఠం వినబడదు గాని, ఎవరూ తడవరు. ఆ పిల్లల నడుమ ఆ అవ్వ మనుమరాలు కూడా కూర్చుంటున్నది. అవ్వ ఇప్పుడు లేదు.

మొన్నటి సమావేశంలో ఈ ఏటి లెక్కలు వ్రాయమని ఒకరు మా పేరు చెప్పినారు. వెనుక వరుసలో నుండి మరొకరు మా పాత కథ ఎత్తినారు. వారు ఎత్తినది న్యాయమే. మాకు కోపం రాలేదనము. ముఖం వేడెక్కినది. కాని ఇంటికి వచ్చి చీనీ మహల్ గోడనూ, గోలకొండ గదినీ తలచుకొన్న తరువాత, వారు చెప్పినదీ సగం నిజం, మా పేరు చెప్పినవారిదీ సగం నిజం అనిపించినది. మంచి పని చేసినాడని తప్పును కప్పిపుచ్చితే, రాముడు చెల్లించిన ఆరు లక్షలకు అర్థం లేదు. తప్పు చేసినాడని మనిషినే త్రోసివేస్తే, రాముడు తెచ్చి తలదాపున పెట్టిన చెల్లుచీటికి అర్థం లేదు. ఒకసారి చెల్లు అయిన తరువాత ఆ బాకీని మళ్లీ అడగరాదు. చెల్లు కానంత వరకు విడువనూ రాదు.

అందుచేత ఆ బాధ్యతను మేము ఒక ఏర్పాటు మీద ఒప్పుకొన్నాము. సొమ్ము మా చేతిలో ఉండదు, కోశాధికారిగారి వద్ద ఉంటుంది. మేము లెక్క మాత్రం వ్రాస్తాము. ప్రతి ఖర్చుకూ ఇద్దరి సంతకాలు ఉండవలెను. యాభై రూపాయలకు కూడా రసీదు ఉండవలెను. నెలకొకసారి ఆ పట్టీని మందిరం గోడకు అంటించవలెను. మా పాత కథ ఎత్తినవారినే రెండవ సంతకానికి ఉండుమని అడిగినాము. వారు ఒప్పుకొన్నారు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఇద్దరమూ ఒక బల్ల దగ్గర కూర్చుంటున్నాము.

నిండుకుండ వంటి మనుష్యులు దొరికితే మంచిదే. దొరకనప్పుడు దేవుడు పగిలిన కుండతోనే నీళ్లు మోయించుకొంటాడు. పగిలిన కుండ చేయవలసినదల్లా తన పగులును దాచకుండా ఉండడం, నీళ్లు కారేచోట చేయి అడ్డం పెట్టే మరొకరిని ప్రక్కన ఉంచుకోవడం.

ఈ సంచిక చివరి పుటలో గడచిన ఏటి సంఘం జమాఖర్చు అచ్చువేసినారు. పద్యాలు, కథలు చదివిన తరువాత దయచేసి ఆ పుట కూడా చదువవలెను. తప్పు కనబడితే చెప్పవలెను. తప్పు లేకపోతే నవమి పందిరికి వచ్చి, సీతారాముల తలంబ్రాలలో మాకు కూడా ఒక గింజ వేయవలెను.

సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.